సోమవారం జైలు, బుధవారం రాస్ ద్వీపం

జనవరి 21, మంగళవారం

తమ్ముడు అమర్ ఇచ్చిన కాగితాలు మా ఆఫీసులో జిరాక్స్ తీశాను. మొత్తం తొమ్మిది. అండమాన్ వెళ్ళడానికి ఎల్‌టీసీ దరఖాస్తు, నలుగురి ఆధార్ కార్డులు, జీతం స్లిప్పు, సెలవు చీటీ, ఫొటోలు అంటించిన కాగితం ఒకటి. తొమ్మిదోది కుటుంబ సభ్యుల జాబితా. డిసెంబరు 18 తేదీతో కొత్తగా ఇచ్చినది. తమ్ముడి చేతిరాతే. భార్య ఇందు, కూతురు రష్మిత, తల్లి దాలమ్మ. కింద, తొలగించవలసిన పేరు అన్న గడిలో: సత్యవాణి, అక్క, విడాకులు పొందినది. కారణం: ప్రస్తుతం నాతో నివసించుట లేదు.

పంతొమ్మిదేళ్ళుగా నేను తమ్ముడి ఈ రైల్వే క్వార్టర్లో ఉంటున్నాను. వెనక గది. ఈ డైరీ రాస్తున్నదీ అక్కడే.

ఆ కాగితం రెండు కాపీలు తీశాను. ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను.

జనవరి 22

అమర్‌ని ఏమీ అడగలేదు. అతనూ ఏమీ చెప్పలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ విషయం మాత్రం అందరూ మాట్లాడారు.

జనవరి 24, శుక్రవారం

అమర్ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఈ అక్కతో అన్నాడు: "అప్పా, నీకు పేపరోళ్ళు సెలవియ్యరు గదా. నువ్వుంటే బాగుండును."

ప్రశ్న కాదు. జవాబు కూడా తనే చెప్పేశాడు.

"ఇవ్వరు," అన్నాను.

"అయితే ఒక పని సెయ్యి. అక్కడ ఏటేటి సూడాలో, ఏ రోజు ఎక్కడికెల్లాలో, టైముతో సహా రాసియ్యి. నువ్వు రాసిస్తే మరి ఎవల్నీ అడగక్కర్లేదు."

ఇందు వంటింట్లోంచి అంది: "వదినా, బీచీలు ఎక్కువ ఎట్టు. గుహలవీ వద్దు. అత్తమ్మ నడవలేదు."

"నాను నడవలేకపోడమేటి," అంది అమ్మ. "నీకంటే ముందు నడుస్తాను."

అమ్మది శ్రీకాకుళం తీరంలో భావనపాడు దగ్గర ఊరు. పదహారో ఏట పెళ్ళై, సముద్రం లేని ఈ రైల్వే ఊరు వచ్చింది. సముద్రంలో స్నానం చేసి యాభై ఎనిమిదేళ్ళయిందని లెక్క చెబుతుంది. పూరీకి రెండుసార్లు తీసుకువెళ్ళాం. రెండుసార్లూ జనం ఎక్కువగా ఉన్నారని నీళ్ళలోకి దిగలేదు. అండమాన్ చూపిస్తానని ఆమెకి పదేళ్ళుగా చెబుతున్నది నేను. అమర్ కాదు.

రాసిస్తానన్నాను.

జనవరి 26, ఆదివారం

లిస్టు రాశాను. నాలుగు గంటలు పట్టింది. నేను రాసిన ఏ వార్తకీ ఇంత సరిచూసుకోలేదు.

సోమవారం ఫిబ్రవరి 10: సెల్యులర్ జైలు, ఉదయం తొమ్మిది. సోమవారం దానికి సెలవు.

బుధవారం 12: రాస్ ద్వీపం. జింకలు, నెమళ్ళు, మర్రి ఊడలు పట్టేసిన తెల్లవాళ్ళ బంగళాలు. బుధవారం పడవలు వెళ్ళవు.

గురువారం 13: హావ్‌లాక్ ద్వీపం. సాయంత్రం కాలాపత్థర్ బీచి. అది సూర్యోదయానికి పేరు. సాయంత్రం సూర్యుడు కొండ వెనక ఉంటాడు.

శుక్రవారం 14: రాధానగర్ బీచి, ఉదయం ఏడు. అది సూర్యాస్తమయానికి పేరు.

ఆదివారం 16: నీల్ ద్వీపంలో రాతి వంతెన. సముద్రం రాతిని తొలిచేసి చేసిన కమాను. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవగలరు. పోటు ఎక్కితే దారిలో రాళ్ళన్నీ మునుగుతాయి. ఒడ్డున నిలబడి నీళ్ళు చూసి రావాలి. పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ ప్రకారం ఆ రోజు పోటు పన్నెండు దాటాక నిండుతుంది. పదకొండున్నర అని రాశాను.

ఒక్క అబద్ధం లేదు. స్థలాలు ఉన్నాయి. దూరాలు సరైనవి. ప్రతి చోటు గురించీ రెండు వాక్యాలు, అవీ సరైనవి. రోజులూ గంటలూ మాత్రమే నావి.

వేరే ఇంట్లో అయితే ఇది పని చేయదు. ఎవరైనా ఫోన్లో ఒకసారి చూసుకుంటారు. అమర్ చూడడు. ముప్పై ఏళ్ళుగా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కాగితం మీద టైము రాసి ఉంటే అది నడిచే బండి అనుకుంటాడు. పైగా రాసింది నేను. ఈ ఇంట్లో ఆసుపత్రి టోకెను నుంచి రష్మిత కాలేజీ ఫారం వరకు నేను రాసింది ఎవరూ మళ్ళీ చదవరు.

జనవరి 27

లిస్టు ఇచ్చాను. లామినేషన్ చేయించాడు.

ఫిబ్రవరి 8, శనివారం

విమానం రేపు ఉదయం ఆరున్నరకి, దమ్‌దమ్ నుంచి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికే బయలుదేరారు. రాత్రంతా ఎయిర్‌పోర్టులో కూర్చుంటారు. ఇందు గొణిగింది. "కూకుంటే ఏటి పోద్ది, బండి పోతే ఇంకోటి రాదు," అన్నాడు అమర్. అమ్మకి కొత్త చెప్పులు. వాకిట్లో రెండుసార్లు నడిచి చూసుకుంది.

"వాణీ, నీకేటి తేవాల్రా?" అని అడిగింది.

"ఏమీ వద్దు."

"గవ్వలు తెస్తాను," అంది.

క్వార్టర్లో నేనొక్కదాన్నే. కాగితం ప్రకారం ఎవరూ లేరు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఫలితం వచ్చింది. రష్మిత పన్నెండింటికి ఫోన్ చేసింది.

"అత్తా, జైల్ బంద్. మండే క్లోజ్ అంట. మేం సెవెన్ ఫార్టీఫైవ్‌కే వచ్చేశాం. నైన్ వరకు గేటు దగ్గరే కూర్చున్నాం. నాన్న గార్డుతో ఝగడా."

"ఎందుకు?"

"మా అప్ప రాసింది, మీ బోర్డే తప్పు అంటాడు. ఆ గార్డు మన తెలుగోడే, శ్రీకాకుళం. బాబూ ఇరవయ్యేళ్ళ నుండి సోమారం సెలవేనండి అంటాడు. నాన్న వినడు. కాగితం చూపిస్తాడు. ఆ గార్డు కాగితం చదివి, ఈమె ఎవరండీ బాగా రాసింది అన్నాడు."

నవ్వాను. ఫోన్ పెట్టాక కూడా నవ్వాను. ఇది నేను ఆశించిన దానికంటే ఎక్కువ.

సాయంత్రం గ్రూపులో ఫొటో. ఆ గార్డు వాళ్ళని ఇంటికి తీసుకువెళ్ళాడు. అమ్మ అతని తల్లి పక్కన మంచం మీద కూర్చుని ఉంది. ఇద్దరి ఊళ్ళ మధ్యా ఆరు మైళ్ళట. చేపల పులుసు, అన్నం. అమ్మ కంచంలో మూడు ముక్కలు. లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 12, బుధవారం

రాస్‌కి పడవలు లేవు. తగువు లేదు. ఇందు మెసేజ్: "వదినా ఏమైందో ఈ ఊరికి, మనం ఎల్లిన రోజే అన్నీ మూసేస్తన్నారు." కింద నవ్వు బొమ్మలు. రేవులో కూర్చుని కొబ్బరి బొండాలు తాగుతున్న ఫొటో. అమర్ మెడలో తాడుకి వేలాడుతూ లామినేషన్ కాగితం.

వాళ్ళకి కోపం రావడం లేదు. వస్తే బాగుండేది.

ఫిబ్రవరి 13, గురువారం

మా ఊళ్ళో పూరీ గేట్ దగ్గర సూసన్న కనబడింది. సూసన్న నాతో తెలుగు స్కూల్లో చదివింది. ఇప్పుడు ఉద్యోగుల రైలు పాసులు చూసే సెక్షన్లో గుమాస్తా. టీ తాగుదామంది. టీ పోసిన చిన్న మట్టి భాండాలు చేతిలోకి తీసుకున్నాక, అడగకూడదనుకుంటూనే అడిగాను. మా అమర్ డిసెంబరులో కొత్త జాబితా ఎందుకు ఇచ్చాడు అని.

సూసన్న నా మొహంలోకి చూసింది. "ఏటే, నీకు తెల్దా?"

"చెప్పు."

"ఓలమ్మ, నువ్వు రాసిన వార్తకే గదే. నవంబర్లో రాసినావు కాదా, పాసుల కోసం సంపాదన ఉన్నోల్లని కూడా ఇంటి లిస్టుల్లో ఎట్టుకుంటున్నారని. పెద్దోల్లు అందరి చేతా మళ్ళీ రాయించినారు. మీ వోడు వణుక్కుంటా వచ్చినాడు నా కాడికి. మా అప్ప పేరు పేపర్లో వారానికి రెండుసార్లు అచ్చవుతాది దీదీ, సంపాదన లేదని నానెలా సంతకం ఎట్టీది అన్నాడు. పంతొమ్మిదేల్ల నుండి ఎట్టినాడు గదా. తీసేస్తే ఎందుకు తీసినావంటారు, ఏటి రాయాలి అన్నాడు. నాతో ఉండట్లేదని రాసీ, ఎవడూ అడగడు అన్నాను. ఆ మాట నాదే."

నేను టీ తాగాను.

"నీకు సెప్పనేదేటి మరి?"

"చెప్పలేదు."

"నువ్వు రాసీ ముందు ఆడికి సెప్పినావా?"

సూసన్నకి చిన్నప్పటి నుంచి ఇదే అలవాటు.

వార్త సరైనదే. అందులో ఒక్క పేరు కూడా తప్పు లేదు. నా పేరు అందులో ఉండవలసింది అన్న సంగతి నవంబర్లో నాకు తట్టలేదు. పదకొండు మంది గురించి రాశాను. పన్నెండో మనిషి ఆ వార్త రాస్తోంది.

అయినా అతను నాకు చెప్పి ఉండవలసింది. ఆఫీసుకి చెప్పాడు, సూసన్నకి చెప్పాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ మాట నేను కాగితం మీద చదివి తెలుసుకోవలసి వచ్చింది.

లిస్టు మార్చి పంపవచ్చు. ఇంకా మూడు రోజులున్నాయి. మార్చడానికి కారణం కనబడలేదు.

ఫిబ్రవరి 14

రాధానగర్‌లో పొద్దున ఏడింటికి ఎవరూ లేరు. తెల్లని ఇసుక, అలలు లేని నీళ్ళు. అమ్మ మెడ వరకు దిగింది. వీడియోలో అమర్ ఒక చెయ్యి, ఇందు ఒక చెయ్యి పట్టుకున్నారు. అమ్మ ఇద్దర్నీ వదిలించుకుని ముక్కు మూసుకుని మూడు మునకలు వేసింది. రష్మిత గొంతు: "నానమ్మా, బస్, ఇంక చాలు."

సాయంత్రమైతే అక్కడ నిలబడడానికి చోటుండదట. ఇందు రాసింది: "వదినా, ఉదయం పంపి మంచి పని సేసినావు. అత్తమ్మ జనం లేరని దిగింది."

ఇప్పటివరకు నా లిస్టు వల్ల వాళ్ళకి జరిగిన నష్టం: ఏమీ లేదు.

ఫిబ్రవరి 15

ఆఫీసు. ఊళ్ళోని హిజ్లీ హాస్టళ్ళలో నీళ్ళ ఎద్దడి మీద నాలుగు పేరాలు పంపాను. సరిచూసుకోవడానికి డెస్కు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా రాదు.

రేపు పదకొండున్నర.

ఫిబ్రవరి 16, ఆదివారం

క్రమంగా రాస్తాను.

9.10. రష్మిత ఫొటో పంపింది. రాతి కమాను కింద అమ్మ ఒక బండ మీద కూర్చుని ఉంది. పాదాలు చిన్న గుంటలో, నీళ్ళలో. పక్కన కొత్త చెప్పులు. వెనక ఇందు. మెసేజ్: "అత్తా, నాన్న తొందర. మేం రెండు గంటలు ముందే వచ్చేశాం. ఎవ్వరూ లేరు. సూపర్ ప్లేస్."

రెండు గంటలు ముందు. పదకొండున్నరకి అయితే దారి మునిగిపోయి ఉండేది, ఒడ్డు నుంచే వెనక్కి వెళ్ళేవాళ్ళు. తొమ్మిదింటికి దారి తేలి ఉంటుంది. నడిచి వెళ్ళగలరు. కానీ నీళ్ళు ఎక్కుతూ ఉంటాయి. వాళ్ళు కమాను కింద కూర్చుని ఫొటోలు తీసుకుంటుంటే దారి వెనక నుంచి మునుగుతుంది. పాచి పట్టిన రాళ్ళు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి.

మా ఇంట్లో ఎవరూ ఏ బండికీ టైముకి వెళ్ళలేదు. నాన్న గూడ్సు గార్డు. గంట ముందు స్టేషనులో ఉండకపోతే ఆయనకి అన్నం దిగేది కాదు. అమర్ ఆయన కంటే ఎక్కువ. విమానానికి పదహారు గంటల ముందు బయలుదేరాడు. జైలు గేటు దగ్గర గంటా పావు ముందు కూర్చున్నాడు. రెండూ ఈ డైరీలో నేనే రాశాను. పోటు లెక్క చూశాను కానీ తమ్ముడి లెక్క చూడలేదు.

9.22. మొదటి ఫోన్, అమర్‌కి. అందలేదు.

9.10కీ 9.22కీ మధ్య పన్నెండు నిమిషాలున్నాయి. సిగ్నల్ కోసం కాదు. ఫోన్ చేస్తే తెలిసిపోతుందని ఆలోచించాను. ఒడ్డుకి రమ్మని చెబితే ఎందుకని అడుగుతారు. ఈ పన్నెండు నిమిషాలు ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయను.

9.24 రష్మిత. 9.25 ఇందు. 9.31, 9.33, 9.40 అమర్. నీల్‌లో సిగ్నల్ సరిగా ఉండదు, అది కూడా నాకు జనవరిలోనే తెలుసు. మెసేజులు పెట్టాను. ఒక్క టిక్కు. మొత్తం పద్నాలుగు ఫోన్లు. గదిలో కూర్చోలేక వాకిట్లోకి వచ్చాను. పక్క క్వార్టర్ జెఫ్రీ స్కూటర్ తుడుచుకుంటూ, "ఏటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. బాగుందన్నాను.

11.10. అమర్ ఎత్తాడు.

"అమరా, అమ్మని తీసుకుని ఒడ్డుకి వచ్చెయ్. నీరు ఎక్కుతోంది. పన్నెండుకి పోటు."

"వచ్చీసినాం అప్పా. అమ్మే సూసింది. పోటు తగిలింది లెగండిరా అని అరిసింది. మేం లెగలేదు తొందరగా, రష్మిత ఇంకొక్క ఫొటో అంది. సగం దారికొచ్చీసరికి మోకాళ్ళ దాకా వచ్చీసింది. అమ్మ జారింది. వీపు మీదేసుకుని తెచ్చినాను. పిక్క మీద తెగింది. ఆరు కుట్లేసినారు. పడుకుంది."

"ఆరు కుట్లా?"

"బాగానే ఉంది. సెప్పులు పోనాయని ఏడుస్తంది."

తర్వాత అతనే అడిగాడు.

"అప్పా. పన్నెండుకి పోటని నీకెలాగ తెల్సు?"

"టైడ్ టేబుల్ ఉంటుంది."

"ఎప్పుడు సూసినావు?"

మంచి ప్రశ్న. నేనైనా అదే అడుగుతాను. ఇవాళ చూశానని చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది.

"జనవరిలో," అన్నాను.

 

"ఠీక్ హై," అన్నాడు.

వాళ్ళు అప్పటికే ఒడ్డున ఉన్నారు. నా ఫోను అవసరం ఎవరికీ లేకపోయింది. అది చేసిన పని ఒక్కటే, నన్ను పట్టించింది.

ఫిబ్రవరి 17

గ్రూపులో ఏమీ లేదు.

ఫిబ్రవరి 18

ఏమీ లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

మధ్యాహ్నం వచ్చారు. అమర్ అమ్మని ఆటోలోంచి ఎత్తుకుని దింపాడు. కాలికి కట్టు. అమ్మ చెంగు ముడి విప్పి గవ్వలు నా చేతిలో పోసింది. గవ్వలు తెచ్చుకోవడం అక్కడ నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని అమర్ తీసేయమన్నాడట. రేవులో కొన్నవేనని, చీటీ కూడా ఉందని అమ్మ పోట్లాడిందట.

ఇందు నాతో మాట్లాడింది. టీ పెట్టనా అని అడిగింది. వదినా అనలేదు.

సాయంత్రం అమర్ నా గదికి వచ్చాడు. మంచం చివర కూర్చున్నాడు. నేను జిరాక్స్ కాగితం తీసి అతని ముందు పెట్టాను. ఒక నెల నుంచి ఆ క్షణం కోసం దాచాను. అతను చదవలేదు.

"నీ వార్త కూడా తెచ్చి దాని పక్కనెట్టు," అన్నాడు.

"నాకు ఒక మాట చెప్పవలసింది."

"సెప్తే నువ్వు ఏటి సేద్దువు? ఇల్లొదిలి పోదువు. నీ సంగతి నాకు తెల్దా? అమ్మకెవలు సెప్పుకుంటారు?" గోడకేసి చూస్తూ అన్నాడు. "కాగితమ్మీద నేవు గానీ ఇంట్లో ఉంటావు, ఎవడికేటి అనుకున్నాను."

"అండమాన్?"

"లిస్టులో పేరు నేకపోతే నీ టిక్కెట్టు ఆఫీసోల్లియ్యరు. నానే కొందునేమో. నిన్ను రమ్మని అడిగితే, ఆఫీసోల్లియ్యనేదేటి, నువ్వెందుకు కొన్నావంటావు. అందుకని అడగనేదు. అది తప్పే నాది." చేతులు తుడుచుకున్నాడు. తడి ఏమీ లేదు. "నీకు జైలు సోమారం మూసేస్తారని తెల్సు. రాస్ బుధారం తెల్సు. అది ఒగ్గీ. నాను గార్డుతో తగువాడినాను, అదీ ఒగ్గీ. ఒకటే అడుగుతాను. ఆ వంతెన కాడికి అమ్మ కూడా వస్తాదని తెలిసే రాసినావా?"

నా దగ్గర జవాబు ఉంది. పదకొండున్నరకి వెళితే ప్రమాదం లేదు. ముందుగా వెళ్ళింది నువ్వు. ఇవి రెండూ నిజాలే. అతను అడిగింది అది కాదు.

"తెలిసే," అన్నాను.

అతను లేచాడు. కాగితం మంచం మీదే వదిలి వెళ్ళాడు.

ఫిబ్రవరి 20

కట్టు మార్చాను. అమ్మ నొప్పి లేదంది. ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇందు చెప్పలేదు, అమర్ చెప్పలేదు. పొద్దున్నుంచి అమ్మని చూడడానికి వచ్చినవాళ్ళు ఏడుగురు. ఏడుగురికీ అమ్మ మొత్తం చెప్పింది. జైలు గేటు దగ్గర దొరికిన తమ వైపు మనిషి, పొద్దున్నే ఖాళీగా ఉన్న సముద్రం, మూడు మునకలు. పోటు ఎలా ఎక్కిందో చేత్తో చూపించింది. కొడుకు వీపు మీద ఎక్కి వచ్చిన సంగతి చెప్పినప్పుడు అందరూ నవ్వారు, అమ్మ కూడా. ఎవరైనా ఎవరు రాసిచ్చారీ ప్రోగ్రాం అని అడిగితే నా వైపు చూపించింది. నేను కూరగాయలు తరుగుతున్నాను.

అందరూ వెళ్ళాక వరండాలో మేం నలుగురమే ఉన్నాం. అమర్ సైకిల్ చైనుకి నూనె వేస్తున్నాడు.

"కాలు తగ్గినాక రామేస్సరం ఎల్దాం," అంది అమ్మ. "అదీ సముద్రంలోనే ఉంటాదంట గదా. వాణీ, ఏటేటి సూడాలో నువ్వే రాయి."

ఇందు తల ఎత్తలేదు.

"రాయనీ," అన్నాడు అమర్. చైను తిప్పుతూ, గొంతు పెంచకుండా. "రాసినాక నాకియ్యి అప్పా. ఒకపాలి నానూ సరిసూసుకుంటాను."

సరే అన్నాను. వంకాయలు అయిపోయాయి, బెండకాయలు తీసుకున్నాను.

అమ్మకి కోపం వచ్చింది. కట్టు కట్టిన కాలు కిందికి దించి కొడుకు వైపు తిరిగింది.

"అది రాసినాక మళ్ళీ నువ్వు సూసీదేటిరా," అంది.